నీలం రంగు కింద

పూజ్యుడైన మావయ్యకి,

మేనల్లుడు వంగి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మా ఆవిడా, పాపా కులాసా. నువ్వూ అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో అయితే నీకు సగం వినపడదు, వినపడిన సగానికీ ఒప్పుకోవు. అందుకని కాగితం పట్టుకున్నాను.

మావయ్యా, నేనొక కారు చూశాను.

అప్పుడే కంగారు పడకు. పన్నెండేళ్ళుగా డ్రైవింగు స్కూల్లో పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని, నేర్చుకునేవాళ్ళు నన్ను చంపకుండా కాచుకుంటూ బతికాను. ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పినవాడికి సొంత కారు లేదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు మా ఆవిడ కాస్త గొంతు పెంచితే నా కాలు దానంతటదే నేలని తొక్కుతోంది. ఒక్కసారైనా స్టీరింగు ముందు కూర్చుని నాకు నచ్చిన చోటికి వెళ్ళాలని ఉంది.

కారు నీలం రంగు. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని మా ఆవిడ అడిగింది. జవాబు ఆలోచిస్తున్నాను. పాప మాత్రం పక్క సీటు తనదేనని ఖాయం చేసేసుకుంది. రోజూ బడి నుంచి అందులోనే తీసుకురావాలట.

సంగతేమిటంటే, ఆ బండి ఒకసారి గుద్దుకుందట. పాత కార్ల షెడ్డు యజమాని దాచకుండా చెప్పాడు. మనిషి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, మేం నవ్వుల దలాలి అని పేరు పెట్టుకున్నాం. "చిన్న దెబ్బండీ, పెద్ద మేస్త్రి బాగుచేశాడు" అన్నాడు. ఎంత చిన్నదని అడిగితే మళ్ళీ నవ్వాడు.

నలభై ఏళ్ళు గుద్దుకున్న బళ్ళకి రేకుపని చేసినవాడివి. ఏడేళ్ళ పిల్ల కూర్చునే బండి, నీ మాట లేకుండా తీసుకోను. ఏమేం చూడాలో రాయి.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: అందులో ఎవరైనా పోయారేమో కనుక్కోమంది మా ఆవిడ. అడిగాను. "కారులోనా? అబ్బే, లేదండీ" అన్నాడు దలాలి. కాస్త ఆగి, "ఆస్పత్రిలో" అన్నాడు.

*

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య మనసారా దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. రిటైరయ్యాక నన్ను రేకు గురించి అడిగినవాడే లేడు. మీ అత్తయ్య పప్పు గిన్నె సొట్ట తీయమంటుంది, అంతే.

గుద్దుకున్న బండి అనగానే పారిపోనక్కర్లేదు. బాగా అతికిన రేకు కొత్త రేకు కన్నా గట్టిగా ఉంటుంది. చూడాల్సినవి చెప్తాను. కాగితం వెనక బొమ్మలు గీశాను, తలకిందులుగా పట్టుకోకు.

మొదట వేలి కణుపుతో ఒళ్ళంతా తట్టు. రేకైతే టంగుమంటుంది, కింద లప్పం ఉంటే దబ్బుమంటుంది. తరవాత పల్చటి గుడ్డలో అయస్కాంతం చుట్టి మెల్లిగా జరుపు. లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. సీట్ల వెనక తివాచీ ఎత్తి, గోరుతో రంగు గీకి, కింద ఏ రంగుందో చూడు. ఆఖరికి తిన్నటి రోడ్డు మీద స్టీరింగు ఒక్క క్షణం వదిలి చూడు, బండి ఏ పక్కకి లాగుతోందో తెలుస్తుంది. డ్రైవింగు టీచరువి, నీకింత చెప్పాలా అనుకోకు. మీ స్కూలు బళ్ళ సొట్టలు నేను చూశాను.

ఇక దయ్యాల సంగతి. అమ్మాయికి, అదే మీ ఆవిడకి, నా మాటగా చెప్పు. రక్తం ఆరని సీట్లలో కూర్చుని నేను మధ్యాహ్నం క్యారేజీ విప్పి భోంచేశాను, ఒకరోజు కాదు, నలభై ఏళ్ళు. ఏ దయ్యమూ వచ్చి నాకో ముద్ద పెట్టమని అడగలేదు. దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు. ఉన్నది రేకూ, లప్పమూ, రంగూ.

ఆశీస్సులతో,
నీ మావయ్య

తా.క.: ఆ బండి చేసిన పెద్ద మేస్త్రి ఎవడో కనుక్కో. ఈ చుట్టుపక్కల నాకు తెలియని పెద్ద మేస్త్రి ఎవడ్రా?

*

మావయ్యకి నమస్కారాలు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. దలాలి అడ్డు చెప్పలేదు సరికదా, "ఎన్నిసార్లైనా తిప్పుకోండి, ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అన్నాడు. ఇంత మంచి వ్యాపారిని నేను చూడలేదు.

తట్టి చూశాను. ముందు భాగమంతా టంగు. వెనక భాగమూ టంగే. రెండింటికీ మధ్య, సీట్ల వెనక, నాలుగు వేళ్ళ వెడల్పున దబ్బు. అయస్కాంతం కూడా అక్కడే జారిపోయింది. ఆ గీత ఒక తలుపు వెనక మొదలై, నేల మీదుగా అవతలి తలుపు వెనక్కి, అక్కణ్ణించి పైకప్పు మీదుగా తిరిగి మొదటికే వచ్చింది. మనిషికి మొలతాడు కట్టినట్టు కారు చుట్టూ ఉంది. తివాచీ ఎత్తి గీకితే, గీతకి ముందు వైపు నీలం కింద ఎరుపు, వెనక వైపు నీలం కింద తెలుపు. ముచ్చటగా రెండు రంగులు వేయించుకున్నారేమో. డబ్బున్నవాళ్ళ సరదాలు!

నడిపి కూడా చూశాను. తిన్నటి రోడ్డు మీద బాణంలా పోతుంది. ఒక్కచోటే చిన్న ఇబ్బంది. బడి దగ్గర నాలుగు రోడ్ల కూడలి ఉంది కదా, అక్కడ ఎడమకి వెళ్ళినా బడే, కుడికి వెళ్ళినా బడే. మధ్యాహ్నం పావు తక్కువ నాలుగుకి అటు తిరిగాను. నేను ముట్టుకోకుండానే ఎడమ ఇండికేటరు వెలిగింది, స్టీరింగు మెల్లిగా ఎడమకి తిరగబోయింది. అదే సమయంలో బండి వెనక భాగం కుడికి ఈడ్చింది. ఎటూ పోకుండా కూడలి మధ్యలో గజగజ వణుకుతూ నిలబడిపోయింది. వెనకవాళ్ళు హారన్లు. నాలుగు గంటలు కొట్టగానే ఏమీ జరగనట్టు కదిలింది.

దలాలిని అడిగితే, "స్పోర్ట్స్ కారండీ, కాస్త పౌరుషం ఎక్కువ" అన్నాడు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: దయ్యమేనని మా ఆవిడ తేల్చేసింది. అయితే అయిందిలే మావయ్యా, మలుపుకి ముందు ఇండికేటరు వేసింది! పన్నెండేళ్ళలో నా శిష్యుల్లో ఒక్కడూ చెప్పకుండా ఆ పని చేయలేదు.

*

చిరంజీవికి,

ఆ బండి కొనకు.

అందులో దయ్యం ఉంది. ఒక ముసలాయన దయ్యం. చాలా కోపిష్టి. నాకు తెలిసినవాళ్ళు చెప్పారు. ఎవరని అడక్కు. పోయిన ఉత్తరంలో దయ్యాలు లేవన్నాను కదా, అది తొందరపాటు. వయసు పెరిగేకొద్దీ మనిషికి కొన్ని తెలుస్తాయి.

పాపని అందులో ఎక్కించకు. దాని దగ్గరికే తీసుకెళ్ళకు.

మావయ్య

తా.క.: ఆ మొలతాడు గీత మీద అరచెయ్యి పెట్టి రాస్తే ఎగుడు దిగుడుగా ఉందా, నున్నగా ఉందా? ఊరికే అడుగుతున్నా.

*

మావయ్యకి,

నీ ఉత్తరం చూసి ఇద్దరం తెల్లబోయాం. రక్తం సీట్లో భోంచేసిన మనిషివి, వారం తిరక్కుండా ముసలాయన దయ్యం అంటున్నావు. మా ఆవిడ అయితే, "మీ మావయ్యకి మన కారు మీద కన్ను పడింది" అంది. నేను నమ్మలేదు. పూర్తిగా నమ్మలేదు.

ఆలస్యంగా వచ్చింది మావయ్యా నీ హెచ్చరిక. పాపని ఎక్కించేశాను.

మొన్న దాన్ని బడి నుంచి తీసుకురావడానికి అదే కారులో వెళ్ళాను. కూడలిలో యథాప్రకారం వణికింది. దిగి బడి దాకా నడిచి వెళ్ళి పాపని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మేం ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే వణుకు ఆగింది. పక్క తలుపు తెరుచుకుంది. గొళ్ళెం వదులనుకుంటా. పాప ఎక్కింది, బెల్టు నేను పెట్టేలోపే పెట్టి ఉంది. ఇక చూడు! బండి వెన్నలా నడిచింది. లాగడం లేదు, ఈడ్వడం లేదు, గుంతల్లో కూడా కుదుపు లేదు. గుంత రాకముందే కారు తనంతట తను నెమ్మదించేది. ఇంత జాగ్రత్తగా నేను కూడా నడపలేను, అది నా ఉద్యోగం అయినా.

సగం దారిలో పాప, "నాన్నా, వీళ్ళు దెబ్బలాడుకోవడం మానేశారు" అంది. ఎవరే అన్నాను. "నువ్వు రోడ్డు చూడు" అంది. బళ్ళో పిల్లల సంగతేమో.

ఇంటి దగ్గర దిగమంటే దిగలేదు. బెల్టు రాలేదు. రెండు చేతులతో లాగితే చివరికి వచ్చింది. కొత్త బెల్టులు బిగువుగానే ఉంటాయిలే.

అంచేత మావయ్యా, నేను నిశ్చయించుకున్నాను. శనివారం సాయంత్రం తాళాలు తీసుకుంటున్నాను. ఆదివారం పాపా నేనూ కొండ రోడ్డు మీద షికారు. ఆ దయ్యం ఎవరోగానీ, పాప బండిలో ఉంటే కడిగిన ముత్యంలా ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి?

ఇట్లు,
మేనల్లుడు

తా.క. 1: గీత అద్దంలా నున్నగా ఉంది. చేసిన మేస్త్రి చేతులకి దండం పెట్టాలి.

తా.క. 2: పాప కారు బొమ్మ గీసింది, ఇందులో పెట్టాను. రెండు సీట్ల కారులో నలుగురు మనుషులు. ముందు ఒకాయన, వెనక ఒకావిడ, ఇద్దరూ పాప వైపే చూస్తున్నారు. నేను ఓ మూల చిన్నగా ఉన్నాను. పిల్లకి లెక్కలు రావడం లేదు, ట్యూషను పెట్టించాలి.

*

మేనల్లుడికి,

శనివారం షెడ్డుకి వెళ్ళకు. నీకు దండం పెడతాను.

ఆ బండిలో ఉన్నది పెళ్ళికూతురు దయ్యం. పెళ్ళి మండపానికి వెళ్తూ పోయింది. చిన్నపిల్లలంటే అసలు పడదు. దానికి నీలం రంగు కూడా పడదు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

తిరుగు టపాలో జవాబు రాయి. పాప ఎలా ఉంది?

మావయ్య

తా.క.: అద్దంలా అన్నావు. నిజంగానే అద్దంలా ఉందా?

*

మావయ్యకి,

ముందు సంగతి: ముసలాయన పెళ్ళికూతురు ఎలా అయ్యాడో మా ఆవిడ అడగమంది. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతోంది. నువ్వు అబద్ధం ఆడేటప్పుడు అక్షరాలు పెద్దవి అవుతాయట.

అసలు సంగతి: కారు పోయింది.

శనివారం సాయంత్రం వెళ్ళేసరికి షెడ్డులో ఆ చోటు ఖాళీ. ఆ పూట పొద్దున్నే ఎవడో ముసలాడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చాడట. దలాలితో ఐదు నిమిషాలు మాట్లాడాడట. తాళాలు తీసుకుని తోలుకుపోయాడట. నాకిచ్చిన మాట ఏమైందని నిలదీశాను. మావయ్యా, దలాలి నవ్వడం లేదు. వాడి పెదాలు కలుస్తాయని నాకు అప్పుడే తెలిసింది. "మీ అదృష్టం బాగుంది, ఇంటికెళ్ళండి" అన్నాడు. అదేం మాట?

పన్నెండేళ్ళకి ఒక్క కోరిక కోరుకున్నాను. ఆ ముసలాడెవడో వాడి చేతులు పడిపోను, వాడికి కంటి మీద కునుకు పట్టకుండా పోను. వాడు నీకు తెలిసినవాడై ఉంటే, నా తరఫున నాలుగు దులుపు. చాలా బాధగా ఉంది. కళ్ళనీళ్ళు వచ్చాయి, అబద్ధం ఎందుకు.

మేనల్లుడు

తా.క.: పాప ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. "ఫర్లేదు నాన్నా, వాళ్ళే వస్తారులే" అంది. దలాలి వాళ్ళని అనుకుంటున్నాను.

*

నా మేనల్లుడికి,

దీవించే అర్హత ఉందో లేదో తెలియక ఊరికే మొదలుపెడుతున్నాను. నువ్వు తిట్టిన ముసలాణ్ణి నేనే. నాలుగు దులపమన్నావు, పది దులుపుకున్నాను. నిద్ర పట్టకూడదన్నావు, పట్టడం లేదు. చేతులు మాత్రం పడిపోలేదు. పదకొండేళ్ళ కిందట పడిపోయి ఉంటే బాగుండేది.

ఆ పెద్ద మేస్త్రిని నేను.

ఒకే రకం కార్లు రెండు. మొగుడిది ఎరుపు, పెళ్ళానిది తెలుపు. ఇద్దరికీ పడక విడిపోయారు. ఒక్కర్తే కూతురు, ఏడేళ్ళది. ఆ రోజు బడి నుంచి ఎవరు తీసుకురావాలన్నది తేలలేదు. ఆయన నా వంతన్నాడు, ఆవిడ నా వంతంది. ఒకరికంటే ఒకరు ముందు చేరాలని చెరో రోడ్డునా వచ్చి ఆ కూడలిలో కలిశారు. ఆవిడ బండి ముక్కు వెళ్ళి ఆయన బండి వెనక భాగానికి తగిలింది. ఇద్దరూ అక్కడే పోయారు. ఆస్పత్రిలో అన్నది కూడా దలాలి అబద్ధమే. పిల్ల గేటు దగ్గర నిలబడే ఉందట. తరవాత ఎవరో చుట్టాలు దూరం తీసుకెళ్ళి పెంచుకున్నారు.

ఎరుపు బండికి ముందు సగం మిగిలింది, తెలుపు బండికి వెనక సగం. దలాలి రెండింటినీ నా దగ్గరికి ఈడ్చుకొచ్చి, "అతుకు కనపడకుండా కలపగల మొనగాడు ఇంకా పుట్టలేదంటున్నారు మేస్త్రీ" అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయాన్రా. నా పని చూసి నలుగురూ నోరు తెరవాలనుకున్నాను. కలిపేసి నీలం రంగు పూశాను. నువ్వు అద్దంలా ఉందని రాసినప్పుడు, సిగ్గు లేకుండా చెప్తున్నా, సంతోషం కూడా వేసింది. ఆ వెంటనే పాప బొమ్మ చూశాను. ఇక కూర్చోలేకపోయాను. మొలతాడు గీత సంగతి చదివినప్పుడే నిజం రాసి ఉంటే నువ్వు అప్పుడే మానేసేవాడివి. మేనల్లుడి దగ్గర మేస్త్రి పేరు పోతుందని దయ్యాల్ని కల్పించాను. దయ్యాలు నిజంగా ఉన్న బండికి!

మా గురువు చావు బండి ఏది వచ్చినా సుత్తి పట్టేముందు తలుపులన్నీ తెరిచి ఒక పూట వదిలేసేవాడు. దిగేవాళ్ళు దిగుతారు, అప్పుడు పని మొదలుపెట్టరా అనేవాడు. నేను ప్రతి బండికీ ఆ పని చేశాను. నమ్మి కాదు, అలవాటుగా. దర్జాగా భోంచేశానని రాశానే, అది అందుకే. ఈ రెంటికీ చేయలేదు. తలుపులు వంగి బిగుసుకుపోయాయి, తరవాత చూద్దాంలే అనుకున్నాను. దిగనివాళ్ళని దిగనట్టే కలిపి అతికేశాను. బతికుండగా ఒక ఇంట్లో ఇమడలేనివాళ్ళని ఒక కారులో పెట్టాను.

నలుగురికి అమ్మితే నాలుగుసార్లూ తిరిగొచ్చిందని దలాలి ఒప్పుకున్నాడు. ఆ నలుగురికీ పిల్లలు లేరు. నీకున్నారు. ఆదివారం కొండ రోడ్డు ఎక్కి ఉంటే పాపని దిగనిచ్చేవాళ్ళు కారు. నీకిది చెప్పాలనే ఇంత రాశాను.

బండి ఇప్పుడు మా పెరటి షెడ్డులో ఉంది. మొన్న నా చేతులతోనే నా అతుకు కోశాను. వంకర లేకుండా రెండు సగాలుగా విడిపోయింది. ఒకదాన్ని ఈ గోడకీ, ఒకదాన్ని ఆ గోడకీ మొహం తిప్పి పెట్టాను. చక్రాల కింద ఇటుకలు పెట్టాను. బ్యాటరీ తీసి అత్తయ్య మంచం కింద దాచాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు. టేపు పెట్టి కొలిస్తే మధ్యలో పన్నెండు అడుగులు.

నిన్న పొద్దున్న తొమ్మిది. ఇవాళ పొద్దున్న నాలుగు. ముందు సగానికి ఇంజను ఉంది, ఏదో కదిలిందని సరిపెట్టుకోవచ్చు. వెనక సగానికి ఏముందిరా, రెండు చక్రాలూ డిక్కీ తప్ప?

కారు మీద ఆశ పెట్టుకున్నావని తెలుసు. నన్ను క్షమించమని అడగను. తిట్టాలనుంటే ఉత్తరం రాసి తిట్టు, చదువుకుంటాను. బడి వదిలేవేళకి నువ్వో అమ్మాయో తప్పకుండా గేటు దగ్గర ఉండండి. ఇద్దరూ వెళ్ళండి, పోట్లాడుకోకుండా వెళ్ళండి.

మీ మావయ్య

తా.క.: ఉత్తరం అంటించబోతూ షెడ్డులోకి ఇంకోసారి వెళ్ళొచ్చాను. గురువు చెప్పిన పని ఇప్పటికైనా చేద్దామని, ఉన్న రెండు తలుపులూ నిన్న పొద్దుటి నుంచి బార్లా తెరిచే పెట్టాను, దిగుతారని. ఎవరూ దిగినట్టు లేదు. ఎవరినో ఎక్కించుకోవడానికి తెరిచాననుకున్నట్టున్నారు. పక్క సీటు పట్టాల మీద ముందుకి జరిపి ఉంది, ఏడేళ్ళ పిల్ల కాళ్ళు ఆనేంత. బెల్టు బయటికి తీసి, మడత పడకుండా సీటు మీద సర్ది పెట్టి ఉంది. ఈ సెలవులకి పాపని మా ఇంటికి పంపకండి.